మేఘాలపై మెరుపులు

మన ప్రాచీనులు మెరుపుకు పెట్టుకున్న పేర్లు అనేకం. అమరకోశం తటిత్తు, సౌదామని, చంచల, చపల మొదలైన పర్యాయపదాలను చెబుతూ, వాటి నడుమ క్షణప్రభ అనే చక్కని మాటను కూడా చేర్చింది. క్షణకాలం ప్రకాశించేది క్షణప్రభ. ఈ పదాలన్నీ మేఘగర్భంలో పుట్టి నేలవైపు దూకే మెరుపును చూసి కల్పించినవి. ఆ మెరుపు వెలిగిన వెంటనే, ఒక్కొక్కసారి మేఘానికి చాలా పైన, భూమికి డెబ్బై ఎనభై కిలోమీటర్ల ఎత్తున, మరొక వెలుగు పుట్టి మాయమవుతుంది. ఆ సంగతి నిఘంటుకర్తలకు గాని, కవులకు గాని తెలియదు. ఆ మాటకు వస్తే, 1989వ సంవత్సరం వరకు శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులకూ తెలియదు.

అయితే దానిని చూసినవారు లేకపోలేదు. ఉరుముల మేఘం నుండి ఆకాశంలోకి ఎగసిన వింత వెలుగులను వర్ణించే లేఖ ఒకటి 1886లోనే 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఇరవయ్యవ శతాబ్దంలో రాత్రివేళ తుపానుల మీదుగా ప్రయాణించిన విమానచోదకులు కొందరు అటువంటి దృశ్యాలను కళ్లారా చూశారు. చూసి ఏమి ప్రయోజనం? చెబితే నలుగురూ నవ్వుతారేమోనన్న సంకోచంతో చాలామంది నోరు మెదపలేదు. విమానం నడిపే మనిషి లేనిపోని వెలుగులు చూశానంటే, అతని కంటిచూపును శంకించేవారే గాని, ఆకాశాన్ని పరిశీలించేవారు తక్కువ. సాక్షి ఉన్నాడు, సాక్ష్యం లేదు. ఛాయాచిత్రానికి ఈ కథలో అంతటి ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

ఆకాశాన్ని చూడకుండా కాగితం మీద లెక్క వేసి, ఈ వెలుగు సాధ్యమేనని ఊహించిన శాస్త్రజ్ఞుడు ఒకడున్నాడు. ఆయన స్కాట్లండు దేశీయుడైన సి.టి.ఆర్. విల్సన్. మేఘపేటికను నిర్మించి 1927లో నోబెల్ బహుమానం పొందిన వ్యక్తి ఆయనే. ఉరుముల మేఘం వల్ల ఏర్పడే విద్యుత్ క్షేత్రం పైకి పోయేకొద్దీ బలహీనపడుతుంది. అయితే గాలి అంతకంటె వేగంగా పలచబడుతుంది. గాలి ఎంత పలచనైతే, దానిలో విద్యుత్తు ప్రవహించడం అంత సులువు. కాబట్టి ఎక్కడో ఒక ఎత్తున బలహీనమైన విద్యుత్ క్షేత్రం సైతం గాలిని వెలిగించగలదని 1920లలో విల్సన్ వాదించాడు. ఆ వాదాన్ని నిరూపించే చిత్రం దొరకడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

దొరికిన తీరు కూడా విచిత్రమే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ అనే వృద్ధ ఆచార్యుడు తన సహచరులతో కలిసి, రాకెట్‌లో అమర్చవలసిన ఒక టెలివిజన్ కెమెరాను పరీక్షిస్తున్నాడు. అతి మందమైన వెలుతురును కూడా పట్టగలిగిన కెమెరా అది. 1989 జూలై 6వ తేదీ రాత్రి దానిని ఆకాశం వైపు తిప్పి ఉంచారు. ఎక్కడో దూరాన ఉరుముల మేఘం ఒకటి ఉంది. వారు వెదుకుతున్నది దానిని కాదు. తరువాత వీడియో టేపును పరిశీలించినప్పుడు, మేఘానికి ఎంతో పైన రెండు కాంతిస్తంభాలు జంటగా నిలిచి కనిపించాయి. మరుసటి సంవత్సరం ఆ బృందం తన వ్యాసాన్ని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. అంతట అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా' వారు షటిల్ వాహనాల నుండి తీసిన వీడియోలను తిరిగి వేసి చూసుకున్నారు. వాటిలోనూ ఆ వెలుగులు ఉన్నాయి! అవి అంతవరకు ఎవరి కంటా పడలేదు.

1994లో అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ సెంట్‌మన్ బృందం విమానం నుండి వీటి రంగుల చిత్రాలను తీసింది. అప్పుడు గాని ఇవి ఎర్రనివని లోకానికి తెలియలేదు. వీటికి 'స్ప్రైట్' అనే పేరు పెట్టినవాడు కూడా సెంట్‌మనే. స్ప్రైట్ అంటే గాలిలో తిరుగాడే చిలిపి దేవత. షేక్‌స్పియర్ నాటకాలలోని పక్, ఏరియల్ వంటి పాత్రలు ఆ కోవకు చెందినవే. ఒక వస్తువు పుట్టుకను గురించి నిశ్చయంగా తెలియనప్పుడు, ఆ కారణాన్ని సూచించే పేరు పెడితే రేపు అది తప్పు కావచ్చు. అందుచేత ఏ సిద్ధాంతానికీ కట్టుబడని పేరును ఆయన ఎంచుకున్నాడు. శాస్త్రం సాహిత్యం దగ్గర అప్పు తీసుకున్న సందర్భాలలో ఇది సమంజసమైనది.

స్ప్రైట్ పుట్టుక సంగ్రహంగా ఇది. మేఘం నుండి నేలకు దిగే మెరుపులలో ఎక్కువ భాగం ఋణావేశాన్ని మోసుకొస్తాయి. కొన్ని మాత్రం ధనావేశాన్ని దించుతాయి. ఇవి సాధారణంగా మిక్కిలి బలమైనవి. అంతటి ఆవేశం ఒక్కసారిగా మేఘాన్ని వీడిపోవడంతో పైనున్న వాయుమండలంలో విద్యుత్ క్షేత్రం హఠాత్తుగా పెరుగుతుంది. డెబ్బై అయిదు కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీద ఉన్నదానిలో ఇరవై వేల వంతు కూడా ఉండదు. ఆ పలుచని గాలిలోని నత్రజని అణువులు ఉత్తేజం పొంది ఎర్రని కాంతిని వెదజల్లుతాయి. కింది అంచుల్లో వేళ్ల వంటి పోగులు నీలిరంగుకు తిరుగుతాయి. క్యారెట్టు ఆకారం, జెల్లీచేప ఆకారం, వట్టి స్తంభాకారం అంటూ పరిశోధకులు వీటిని వింగడించారు. ఇవి నిలిచేది సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. కన్ను మూసి తెరిచే వ్యవధి దీనికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. క్షణప్రభ అనే పేరు నిజానికి వీటికే ఎక్కువ తగును.

ఈ కుటుంబంలో మరికొన్ని ఉన్నాయి. తొంభై కిలోమీటర్ల ఎత్తున వలయంగా వ్యాపించి, సెకనులో వెయ్యో వంతు గడవకముందే ఆరిపోయే 'ఎల్వ్స్' ఒకటి. మేఘశిఖరం నుండి చిమ్మనగ్రోవిలా పైకి ఎగసే నీలి ధారలు మరొకటి. ఈ నీలి ధారలకు తెలుగువారి సముద్రంతో సంబంధం ఉంది. 2015 సెప్టెంబరులో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్‌సన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కిటికీ నుండి బంగాళాఖాతం మీది ఉరుముల మేఘాన్ని వీడియో తీశాడు. 160 సెకన్ల ఆ చిత్రంలో 245 నీలి మెరుపులను లెక్కించారు. వాటిలో ఒక ధార సుమారు నలభై కిలోమీటర్ల ఎత్తు వరకు ఎగబాకింది.

స్ప్రైట్‌ను ఫోటో తీయదలచినవాడు మొదట నేర్చుకోవలసినది మేఘానికి దూరంగా ఉండడం. మేఘం కిందనే నిలిచినవానికి మేఘపు అడుగుభాగం తప్ప ఏమీ కనబడదు. రెండు వందల నుండి నాలుగు వందల కిలోమీటర్ల దూరం అనుకూలమైనది. మూడు వందల కిలోమీటర్ల దూరం నుండి చూస్తే ఉరుముల మేఘం తల దిగంతానికి ఒకటి రెండు డిగ్రీలకు మించి లేవదు. స్ప్రైట్ మాత్రం పన్నెండు డిగ్రీల ఎత్తున వెలుగుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే కెమెరాను గురిపెట్టవలసినది కళ్లు మిరుమిట్లు గొలిపే మెరుపు వైపు కాదు. దానిపైన పిడికెడు ఎత్తున, ఏమీ లేనట్లు కనిపించే చీకటి వైపు. ఆరంభకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

వెన్నెల లేని రాత్రి కావాలి. ఊరి దీపాల కాంతి పడని చోటు కావాలి. కెమెరాను ట్రైపాడ్‌పై కదలకుండా నిలిపి, ఎక్కువ కాంతిని లోనికి రానిచ్చే లెన్సును అమర్చి, నక్షత్రాలపై ఫోకస్ చేసి, ఒకటి నుండి నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఎడతెగకుండా తీస్తూ పోవాలి. మీట నొక్కడానికి సమయం చూసుకునే అవకాశం ఇందులో లేదు. చూసి నొక్కేలోగా అది ఉండదు. తీసిన వందలాది చిత్రాలలో ఒకదానిలో ఎర్రని మరక ఒకటి కనిపిస్తే ఆ రాత్రి ఫలించినట్లు. వట్టి చేతులతో ఇల్లు చేరిన రాత్రులే ఛాయాగ్రాహకులకు ఎక్కువ.

దూరపు మేఘాన్ని చూస్తూ కూర్చున్నవాని వీపు వెనుక మరొక మేఘం కమ్ముకోవచ్చు. మెరుపుకూ ఉరుముకూ నడుమ ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరమని లెక్క. ఆ వ్యవధి ముప్పై సెకన్లకు తగ్గితే కెమెరాను, ట్రైపాడ్‌ను అక్కడే వదిలి పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని చేరుకోవాలి. చివరి ఉరుము వినిపించిన తరువాత అర్ధగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం ప్రాణాంతకం. పొలాల్లో చెట్టు నీడకు పరుగెత్తి పిడుగుపాటుకు బలి అయినవారి వార్తలు మన పల్లెల్లో ఏటేటా వినిపిస్తూనే ఉన్నాయి.

ఔత్సాహికులు తీసిన చిత్రాలు శాస్త్రానికి ఎంతగానో ఉపకరిస్తున్నాయి. 2022 మే నెలలో గంగామైదానం నుండి హిమాలయాల మీదుగా టిబెట్ పీఠభూమి వరకు పరుచుకున్న ఒక ఉరుముల మేఘసముదాయంపై, ఒకే రాత్రి 105 స్ప్రైట్‌లను చైనా ఔత్సాహికులు ఇద్దరు పట్టుకున్నారు. అయితే ఏ స్ప్రైట్ ఏ నిమిషాన పుట్టిందో కచ్చితంగా తెలిస్తేనే దానిని ఫలానా మెరుపుతో జత చేయడానికి వీలవుతుంది. వారి వీడియోలో అంతటి కచ్చితమైన కాలం నమోదు కాలేదు. పరిశోధకులు వీడియోలోని నక్షత్రాల స్థానాలను, ఆకాశాన్ని దాటిపోతున్న ఉపగ్రహాల మార్గాలను పోల్చి ఆ కాలాన్ని తిరిగి రాబట్టారు. పంచాంగగణితం తెలిసిన మన పూర్వులు మెచ్చుకొని ఉండేవారు.

అంతకు రెండు దశాబ్దాల ముందు, 2003 జనవరి 16న కొలంబియా షటిల్ అంతరిక్షంలోకి వెళ్లింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు అందులో ఉన్నారు. ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రమోన్, ఆయన సహచరులు ఎడారి ధూళిని పరిశీలించడానికి తీసుకువెళ్లిన కెమెరాతో రాత్రివేళ స్ప్రైట్‌లను, ఎల్వ్స్‌ను కూడా చిత్రించారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో ఆ నౌక ముక్కలై ఏడుగురూ మరణించారు. వాహనంలో ఉన్న టేపులు పోయాయి. ముందుగానే భూమికి ప్రసారం చేసిన వీడియోలు మాత్రం మిగిలాయి. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వాటిని ఒక్కొక్క చట్రంగా పరిశీలించినప్పుడు, జనవరి 20వ తేదీ నాటి దృశ్యంలో, మడగాస్కర్ సమీపాన హిందూ మహాసముద్రం పైన, ఎరుపు వెలుగు ఒకటి కనిపించింది. అది స్ప్రైట్‌ల వరుసలో గాని, ఎల్వ్స్ వరుసలో గాని ఇమడలేదు. దాని కింద మెరుపు కూడా లేదు.