ఉప్పుగాలిలో దుప్పి తల

శ్రావణ మాసంలో విశాఖపట్నం వంటిళ్లలో ఉప్పు డబ్బా మూత తీస్తే పొడి ఉప్పు కనిపించదు. గడ్డ కట్టి, అడుగున నీరు ఊరి ఉంటుంది. నాలుగు బియ్యపు గింజలు వేసి పెట్టే ఇళ్లూ ఉన్నాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తనే కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో మన తీరపు గాలి చాలా రోజులు ఆ గీతకు పైనే ఉంటుంది. పాత బంగళాల గోడల మీది దుప్పి తలల ఆయుష్షును తేల్చేదీ ఈ ఉప్పే.

వాటిని జనం 'గడ్డి కూరిన' తలలంటారు. ఇంగ్లీషు పేరు టాక్సీడెర్మీ. గ్రీకులో చర్మాన్ని అమర్చడం అని అర్థం, అదే సరైన వర్ణన. లోపల గడ్డి ఉండదు, మాంసం ఉండదు. ఈ రోజుల్లో అయితే పాలీయురేథేన్ నురగతో చేసిన అచ్చు ఉంటుంది. కళ్లు గాజువి. ముక్కు తడి రంగు, వార్నిష్‌ల పుణ్యం. చెవుల్లోని మృదులాస్థి తీసేసి ప్లాస్టిక్ రేకో మట్టో పెడతారు. ఆ తలలో నిజంగా దుప్పిది ఏముందంటే చర్మం, కొమ్ములు, వాటిని పట్టుకున్న పుర్రె ముక్క.

పని ఉప్పుతోనే మొదలవుతుంది. జంతువు చచ్చిన కొన్ని గంటలకే బాక్టీరియా వెంట్రుకల కుదుళ్లను వదులు చేస్తుంది. మన ఎండల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఒకసారి కుదురు వదిలిన చర్మం మీద చెయ్యి వేస్తే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంది, దాన్ని బాగు చేసే మందు లేదు. అందుకే వలిచిన వెంటనే ఉప్పు దట్టంగా రుద్దుతారు. ఎండుచేపకు చేసే పనే ఇది. ఉప్పు చర్మంలోని నీటిని బయటికి లాగేస్తుంది, బాక్టీరియాకు బతుకు ఉండదు. ఆ తర్వాత ఆమ్లపు నీటిలో ఊరబెట్టి, కడిగి, పదును చేస్తారు. చర్మంలోని కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి, కుళ్లకుండా చేయడమే పదును. మన వైపు తోళ్ల పనివారు దీనికి తంగేడు బెరడు వాడేవారు. ట్రోఫీ పనిలో పటిక, కృత్రిమ టానిన్లు వాడతారు.

ఇక్కడే మంచి పనివాడూ తొందర పనివాడూ తేలిపోతారు. పదునుకు ముందు ఉప్పును పూర్తిగా కడగకపోతే అది చర్మంలోనే ఉండిపోతుంది. ఢిల్లీ గోడ మీద ఆ తల ఏళ్ల తరబడి బాగానే ఉండొచ్చు. బీచ్ రోడ్డు ఇంట్లో మాత్రం జూలై వచ్చేసరికి కంటి కొసల్లో, ముక్కు పక్కన చెమట పట్టినట్టు తడి కనిపిస్తుంది. తడి ఉన్నచోట బూజు. ఎండాకాలంలో మళ్లీ ఆరి కుంచించుకుపోవడంతో పెదవుల దగ్గర, మెడ వెనక కుట్టు దగ్గర పగుళ్లు. ఆపైన డెర్మెస్టిడ్ పురుగు పిల్లలు. వీటికి వెంట్రుకలు, చర్మం, గోళ్లు అన్నీ విందే. ఎముకల గూళ్లు శుభ్రం చేయించుకోవడానికి మ్యూజియాలు ఈ పురుగులనే పనికి పెట్టుకుంటాయి.

ముఖం పాడైనా కొమ్ములు చెక్కు చెదరవు. చుక్కల దుప్పి, కణుజు కొమ్ములు అచ్చమైన ఎముక. ఏటా మొలిచి, నెత్తుటి నాళాలున్న మెత్తటి వెల్వెట్ పొరలో పెరిగి, గట్టిపడి, రాలిపోతాయి. పాలిచ్చే జంతువుల శరీరంలో ఇంత వేగంగా పెరిగే ఎముక మరొకటి లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కథ వేరు. దాని మెలికల కొమ్ము ఎన్నడూ రాలదు. ఎముక మొగ్గ మీద మన గోరులాంటి కెరాటిన్ తొడుగు ఉంటుంది. పురుగుకు ఆ తొడుగు కూడా తిండే.

ఈ విద్యకు మన దేశంలో పెద్ద పీఠం మైసూరు. యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతంలో పెట్టిన కార్ఖానాను ఆయన కొడుకులు బోథా, డివెట్, జూబర్ నడిపారు. తండ్రి వాళ్లకు బోయర్ యుద్ధ సేనానుల పేర్లు పెట్టుకున్నాడు. కాగితపు గుజ్జుతో పోసిన అచ్చుల మీద చర్మం తొడిగేవారు. పులులు, చిరుతలే నలభై వేలకు పైగా వాళ్ల చేతుల మీదుగా వెళ్లాయని ఆ కంపెనీ చరిత్ర రాసిన ప్యాట్ మోరిస్ లెక్క. 1999లో మూతపడింది. జూబర్ 2013లో, నూరేళ్లు దాటాక కన్నుమూశాడు.

తూర్పు కనుమల జమీందార్లకూ వేట సరదా తక్కువేం కాదు. ఇప్పుడు అభయారణ్యంగా ఉన్న మన కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలోది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్ విజ్జీ ఆ వంశం వాడే, పులి వేటలోనూ పేరున్నవాడు. తాను చంపిన పులుల లెక్క ఆయన చెబుతుంటే, తుపాకీతోనా లేక మీ రేడియో క్రికెట్ వ్యాఖ్యానంతో విసిగించా అని ఎవరో అడిగారని క్రికెట్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కాలపు రాజుల వస్తువులు, స్టఫ్ చేసిన జంతువులతో సహా, బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడొచ్చు. అదే రోడ్డు మీద ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామికి కూడా ఈ గాలితోనే పోరు. దానికి తుప్పు, ఈ జంతువులకు బూజు.

పాత ట్రోఫీని చూస్తే ముట్టుకోకండి, పిల్లలను అసలే ముట్టుకోనివ్వకండి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివాడు బెకూర్ కనిపెట్టిన ఆర్సెనిక్ విషపు సబ్బును ఇరవయ్యో శతాబ్దంలో కూడా చర్మం లోపలి వైపు పూసేవారు. అలాంటి తలలకు పురుగు పట్టకపోవడానికి అదే కారణం. ఆర్సెనిక్ మూలకం, ఏళ్లు గడిచినా విరిగిపోయేది కాదు. కుట్ల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే పొడి గుడ్డతో దులిపి గాల్లోకి లేపడం కంటే ఆ గది తలుపు మూసి, మ్యూజియం వాళ్లను అడగడం మేలు.

అమెరికాలో మన తెలుగువాళ్లు ఎందరో ఉండే టెక్సాస్ లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని దుప్పిని వేటాడవచ్చు, తల చేయించుకోవచ్చు. భుజాల దాకా చేసిన ఒక తలకు సాధారణంగా 500 నుంచి 1000 డాలర్లు, ఎదురుచూపు ఆరు నెలల నుంచి ఏడాది. అచ్చు, గాజు కళ్లు దుకాణంలో దొరుకుతాయి, డబ్బంతా చేతి పనికే. ఆ చెయ్యిని పట్టుకోవాలంటే కళ్లు చూడాలి. దుప్పి కనుపాప అడ్డంగా సాగి ఉంటుంది. మేకలు, గొర్రెలు తల వంచి మేసేటప్పుడు కూడా గుడ్డు తిప్పి కనుపాపను నేలకు సమాంతరంగా ఉంచుకుంటాయని 2015లో ఒక పరిశోధన తేల్చింది. వంగిన తలకు కనుపాప ఏటవాలుగా పెట్టాడంటే ఆ పనివాడు బతికిన జంతువును సరిగా చూడలేదన్నమాట. తర్వాత ముక్కుపుటాల లోపలి మడత, చెవి అంచు. మెడ వెనక కుట్టు చివరన చూడొచ్చు.

మన దగ్గర ఈ బేరానికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ టాక్సీడెర్మీ వ్యాపారం చేయకూడదు. ఇళ్లలోని పాత ట్రోఫీలు వెల్లడించడానికి 2003 ఏప్రిల్‌లో 180 రోజుల గడువిచ్చారు, అది ఎప్పుడో ముగిసింది. యాజమాన్య పత్రం ఉన్నది వారసులకు రావచ్చు, వచ్చిన 90 రోజుల్లోపు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలపాలి. అమ్మడం మాత్రం కుదరదు. ఎవరైనా "తాత గారిదండీ, కాగితాల్లేవు, ఇరవై వేలకు ఇచ్చేస్తా" అంటే అది ధర కాదు, జైలుకు దారి. గోడ మీది తలల సంగతి సరే, మన పూజగదుల్లో చాపలా చుట్టి ఉన్న కృష్ణాజినాల, అంటే కృష్ణజింక తోళ్ల, గురించి ఎవరూ అనుకోరు. అవీ ఇదే చట్టం కిందికి వస్తాయి.

ఈ విద్య పూర్తిగా పోలేదు. ముంబైలో పశువైద్య కళాశాల ఆచార్యుడు సంతోష్ గైక్వాడ్, బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009 నుంచి నడుస్తున్న కేంద్రంలో, జూలలో సహజంగా చనిపోయిన జంతువులను ప్రదర్శనకు సిద్ధం చేస్తున్నారు. శరీర నిర్మాణం చెప్పే వైద్యుడికి ఏ కండ ఎక్కడ ఉబ్బాలో పుస్తకం వెతకనక్కర్లేదు.

కంబాలకొండలో నడుస్తూ రాలిన దుప్పి కొమ్ము కనిపిస్తే సంచిలో వేసుకోకండి. వన్యప్రాణి చట్టంలోని ట్రోఫీ నిర్వచనంలో కొమ్ము పేరు విడిగా రాసి ఉంది. పైగా దాన్ని అక్కడ తినేవాళ్లున్నారు. రాత్రి పూట ఏదుపంది వచ్చి, కాల్షియం కోసం, కరకర కొరుకుతుంది.