హాస్యకరుణముల సహవాసము: ‘పీప్లీ లైవ్’ విమర్శ

హాస్యమునకుఁ గరుణముతో విరోధము గలదని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ జెప్పియున్నాఁడు. పాఠశాలలయందు రసప్రకరణము బోధించు పండితులకీ విషయము క్రొత్త గాదు. ఇట్లుండఁగా, పొలము వేలమునకు రాఁగా ప్రాణము తీసికొన నియ్యకొనిన యొక సేద్యకాని కథ వస్తువుగాఁ గలిగియు, చూపఱను మొదటినుండి నవ్వించు దృశ్యప్రబంధ మొకటి 2010వ సంవత్సరమున హిందీభాషలో వెలువడినది. దాని పేరు ‘పీప్లీ లైవ్’. రచించి దర్శకత్వము వహించినది అనూషా రిజ్వీ. నిర్మించినది ఆమీర్ ఖాన్. ఇది నాటకము గాదు, చలనచిత్రము; అయినను దృశ్యకావ్యలక్షణమును దీనికి నన్వయించి చూచుటలో దోషము లేదని తలంచెదను. ఇట్టి వస్తువును జూచి నవ్వవచ్చునా? ప్రత్తియు మిరపయుఁ బండు మా నల్లరేగడి నేలయందుండి యడుగువారి కీ ప్రశ్న శాస్త్రచర్చ మాత్రమే కాదు.

కథ సంగ్రహముగా నిది. ‘ముఖ్యప్రదేశ’ మను కల్పితరాష్ట్రమునఁ బీప్లీ యను గ్రామము. బుధియా, నత్థా యనువా రన్నదమ్ములు. బ్యాంకి యప్పు తీర్పలేనందున వారి పొలము వేలమునకు వచ్చినది. సాయ మర్థింప నూరి నాయకుని కడ కేఁగఁగా నతఁడు పరిహసించి, ఆత్మహత్య చేసికొనిన రైతు కుటుంబమునకుఁ బ్రభుత్వము లక్ష రూపాయ లిచ్చుచున్నది గదా యనును. అన్న యామాట నందుకొని తమ్ముని మెల్లమెల్లగా నొప్పించును. ఈ ఘట్టమున బుధియా యెంత తియ్యగా మాటలాడునో, నత్థా యెంత యమాయకముగాఁ దలయూఁచునో చూచినఁగాని తెలియదు. టీకొట్టులో నీమాట రాకేశుఁడను చిన్న విలేఖరి చెవిఁ బడును. వార్త రాజధానికిఁ బ్రాఁకఁగా టెలివిజన్‌వారు బండ్లతో దిగుదురు. ఊర తిరునాళ్లు సాగును. ఉపయెన్నిక దగ్గఱపడి యుండుటచే నొక పక్షమునకు నత్థా చావవలెను, మఱియొక పక్షమునకు బ్రదుకవలెను. అధికారులు ‘లాల్ బహాదూర్’ పేర నొక చేతిపంపు దెచ్చి వాకిట దించిపోవుదురు. దానిని బాఁతువాఁడు మాత్రము లేఁడు. ఒక నాయకుఁడు టెలివిజన్ పెట్టె కానుక యిచ్చును. తుదకు గిడ్డంగి నిప్పంటుకొని రాకేశుఁడు మరణింపఁగా, ఆ శవమును నత్థాదిగా నెంచి యందఱును దమతమ బండ్లెక్కి వెడలిపోవుదురు. ఇది ప్రమాదము గాని యాత్మహత్య గాదు గావునఁ బరిహారము చెల్లదని యింటివారికిఁ దెలియవచ్చును.

ప్రహసనమును ధనంజయుఁడు దశరూపకమున శుద్ధము, వికృతము, సంకరము నని మూఁడు విధములుగాఁ జెప్పెను. పాషండులు, విప్రులు, విటులు, చేటీచేటజనము నందుఁ బాత్రములు. ఏడవ శతాబ్దమునఁ బల్లవరాజగు మహేంద్రవర్మ రచించిన ‘మత్తవిలాస’మునందుఁ గపాలము పోఁగొట్టుకొనిన కాపాలికుఁడును, అతనితో వాదులాడు శాక్యభిక్షువును నిట్టివారే. పీప్లీలోఁ బాషండుల స్థానము టెలివిజన్ విలేఖరులది. వారికిని వేషమున్నది, మంత్రమున్నది, నైవేద్యమున్నది. లేనిది దైవ మొక్కటియే. ‘భగవదజ్జుక’మున యమభటుఁడు పేరు పొరపాటున నొకతెకు మాఱుగా నింకొకతె ప్రాణముఁ గొనిపోయి చిక్కుఁబడును. పీప్లీలోను నొకని చావు వేఱొకని లెక్కలోఁ బడినది. అయితే యమభటుఁడు తిరిగివచ్చి తన తప్పు దిద్దుకొనును. ఇక్కడి లెక్కలవారు దిద్దుకొనరు. దర్శకురా లీ ప్రహసనములను మనసునం దుంచుకొనెనని నా వాదము గాదు. జాతి యొక్కటియని మాత్రమే చెప్పుచున్నాను.

ఇఁక విరోధపరిహారము. విరోధిరసముల నొక్క యాశ్రయమునఁ గాక వేర్వేఱు నాశ్రయములయందు నిలిపినచో దోషము తొలఁగునని యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునఁ జూపెను. ఇంతకంటె సూక్ష్మమగు మాట యభినవగుప్తునిది. ఆభాసరూపము నొందిన యే రసమైనను హాస్యమునకుఁ గారణము కాఁగలదని చెప్పుచు, తనకు బంధువు గానివానికై శోకించువాని కరుణము సైతము హాస్యమే యగునని యాతఁ డభినవభారతియం దనినాఁడు. పీప్లీలోని నవ్వునకు మూల మీ యభిప్రాయమునందే దొరకును. ఢిల్లీనుండి వచ్చినవారు నత్థా గుడిసె ముంగిట నిలిచి కంఠము గద్గదము చేసికొనుచుందురు, మనము నవ్వుదుము. ఆ నవ్వు నత్థామీఁదిది కాదు, కరుణాభాసముమీఁదిది. నత్థాయో మాటలాడుట యరుదు. ఊరంతయు నాతని చావును గూర్చి పలుకుచుండఁగా నాతని నడుగువారు లేరు. ఈ పాత్రమును ధరించిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి ఛత్తీస్‌గఢ్‌వాఁడు. హబీబ్ తన్వీర్ స్థాపించిన ‘నయా థియేటర్’ నటుఁడు. జానపదరంగమున నారితేరినవాఁ డగుటచే నూరక కూర్చుండుటయందే యభినయము చూపఁగలిగినాఁడు.

నిజమైన కరుణము వేఱొకచోటఁ గలదు. ఈ కోలాహలమున కంతకును బ్రక్కనే హోరి మహతో యను నొక ముదుసలి ప్రతిదినమును గొయ్యి త్రవ్వి మన్నమ్ముకొని బ్రదుకుచుండును. పొలము పోఁగొట్టుకొనిన రైతే యతఁడును. ఒకనాఁడా గోతిలోనే చచ్చిపడియుండును. కెమెరా యటు తిరుగదు. హోరిమాట యేమని రాకేశుఁ డడిగినను, పట్టణపు విలేఖరికి నత్థాయే వార్త. ప్రేమచందుని ‘గోదాన్’ (1936) చదివినవారికి హోరి మహతో యనుపేరు వినఁబడఁగనే గుండె ఝల్లుమనును. ఆ నవలలో హోరి యెండలోఁ గంకర త్రవ్వు కూలిపనిచేయుచు వడదెబ్బ దినియే ప్రాణములు విడుచును; భార్య ధనియా. పీప్లీలో నత్థా భార్య పేరును ధనియాయే. డెబ్బదినాలుగేండ్ల తరువాతఁ బేరు మాఱలేదు, గొయ్యి మాఱలేదు. ఈ ధ్వని పట్టుకొననివారికి హోరి ఘట్ట మప్రస్తుతముగాఁ దోఁచును. పట్టుకొనినవారికి సినిమాకంతకు నదియే యాయువుపట్టు.

గుంటూరునకు దక్షిణమునఁ బర్చూరు త్రోవలోనున్న ప్రత్తిపాడునకుఁ (కాకినాడ జిల్లాలోని ప్రత్తిపాడు వేఱు) బేరునందే ప్రత్తి యున్నది. ఇందలి ‘పాడు’ గ్రామవాచకమే గాని శిథిలార్థకము గాదని విద్యార్థులకు మఱిమఱి చెప్పవలసివచ్చుచుండును. 1980 తరువాతి దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలయందుఁ దెల్లదోమ విజృంభించినది. చల్లిన పైరెత్రాయిడ్ మందులు మిత్రకీటకములను జంపి దోమకే బలము చేకూర్చెను. 1987–88లోఁ బంట పోయి, అప్పుల పాలయి, పలువురు రైతులు బలవన్మరణమునకుఁ బాల్పడిరి. దేశమున రైతుల యాత్మహత్యలను గూర్చిన చర్చకు మొదట విషయమైనవానిలో నిదియొకటి. అనఁగాఁ బీప్లీకి ఇరువదియేండ్లకుఁ బూర్వమే యీ కథ యిక్కడ నడచినది. అప్పు డింటింట టెలివిజన్‌వారు లేరు.

చిత్రమునందలి లక్షరూపాయలు కేవలకల్పితము గాదు. 2004 జూన్‌లో నాంధ్రప్రదేశ ప్రభుత్వము 421వ సంఖ్యగల యుత్తరువుచే, ఆత్మహత్య చేసికొనిన రైతు కుటుంబమునకు లక్షరూపాయలును, అప్పుల పరిష్కారమునకు మఱి యేఁబదివేలును నేర్పఱచెను. అది యక్కఱలోఁ బుట్టిన సాయము, దాని నాక్షేపింపరాదు. కాని యిచ్చుటకు ముందు విచారణసంఘము తేల్చవలసిన ప్రశ్నలు గలవు: మృతుఁడు రైతేనా? చావునకు సేద్యపుటప్పే కారణమా? అప్పునకుఁ బత్రమున్నదా? మా మెట్టలయందుఁ బెట్టుబడి యిచ్చువాఁడు తఱచుగాఁ బురుగుమందుల కొట్టువాఁడు, లేదా గుంటూరు మిర్చియార్డునందలి కమీషను వ్యాపారి. అప్పు చిట్టాలోనే యుండును. కౌలుదారునకుఁ బట్టాదారు పుస్తకమే లేదు. 2011లోఁ గౌలుదారులకు రుణార్హత కార్డుల చట్టమును, 2019లోఁ బంటసాగుదారుల హక్కుల చట్టమును వచ్చినవి. రెండవదానికి భూయజమాని యంగీకారము కావలయును. ఆ సంతకమునకై తిరిగినవాని కష్టమెట్టిదో యూరివారందఱు నెఱుఁగుదురు. పోఁగొట్టుకొనుటకు నత్థాకుఁ బొలమైన నుండెను. కౌలురైతు పోఁగొట్టుకొనునది తనది గాని పొలము. కనుక నష్టపోయినట్లు ఋజువు సేయుట యతనికి మఱింత దుర్ఘటము. ప్రమాదమా యాత్మహత్యయా యని ధనియా యింట జరిగిన తీర్పును మా ప్రాంతపువారు చూచి నవ్వరు.

తెలుఁగున నిట్టి చిత్రము లేదా యని యడుగవచ్చును. గూడవల్లి రామబ్రహ్మము 1939లోఁ దీసిన ‘రైతుబిడ్డ’ యీ వస్తువునకుఁ బెద్దన్న. బళ్లారి రాఘవ యందు నటించెను; మన గుంటూరు సీమవాఁడగు కొసరాజు పాటలు వ్రాసెను. జమీందారీపై దెబ్బతీయు నా చిత్రమునకుఁ బెట్టుబడి చల్లపల్లి జమీందారుది! ఇంతకుమించిన వ్యాజస్తుతి యే కవి కల్పించును? అయినను ‘రైతుబిడ్డ’ వీరముతోఁ గలిసిన కరుణమేగాని ప్రహసనము గాదు. 2010లోనే శ్యామ్ బెనెగళ్ దీసిన ‘వెల్ డన్ అబ్బా’ హిందీచిత్రమే యయినను దెలంగాణపు పల్లెకథ. హైదరాబాదు రచయిత్రి జీలానీ బానో కథ దాని మూలములలో నొకటి. ప్రభుత్వపు సొమ్ముతోఁ గాగితముమీఁద మాత్రమే త్రవ్వఁబడిన బావి దొంగిలింపఁబడినదని ఫిర్యాదు చేయుట యందలి చమత్కారము. అది శుద్ధహాస్యము; చావు లేదు గావున విరోధమును లేదు, సుఖముగా నవ్వవచ్చును. కష్టమైన పని తలకెత్తుకొనినది పీప్లీయే.

దోషములు లేకపోలేదు. నత్థా బహిర్భూమికిఁ బోయిన చోటును దెఱపైఁ జూపి యాతని మనఃస్థితిని వ్యాఖ్యానించు ఘట్టము ననౌచిత్యమని కొంద ఱందురు. నే నట్లనను; అపహసితాతిహసితములను భరతుఁ డధమపాత్రముల కిచ్చెను, అక్కడి యధమపాత్రము విలేఖరియే. ధనియాకు నత్తగారికిని నడుచు తగవులు మాత్రము పాతసరకు. అంతకంటెఁ బెద్దలోపము, బ్యాంకియు వడ్డీయు వేలమును గథారంభమునఁ గనఁబడి పిదప మాయమగుట. విలేఖరులను, మంత్రులను నవ్వులపాలు సేయుటలో మునిఁగి, పొలము నెత్తుకొనిపోవు యంత్రమును మఱచినట్లయినది.

కడపటి దృశ్యమున నెవ్వఁడును నవ్వఁడు. చచ్చినవానిగా లెక్కింపఁబడిన నత్థా మహానగరమున లేచుచున్న మేడల నడుమ, దుమ్ముగొట్టిన మొగముతోఁ గూలివారిలో నొకఁడై కూర్చుండియుండును. 1991కిని 2001కిని నడుమ ఎనుబదిలక్షలమంది రైతులు సేద్యము విడిచిరని తెఱపై నక్షరములు కనఁబడును. ప్రహసనమున నిట్టి నిర్వహణమునకు లక్షణగ్రంథములయందుఁ బేరు లేదు.