వెండితెర వెనుక చీకటిని చూపిన తాడికొండ కలం

తాడికొండ: చెరువుకు నీళ్లకు వెళ్లే ఆడపిల్లకు పాకుడు రాళ్ల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైకి పచ్చగా, నున్నగా, కంటికి ఇంపుగానే ఉంటాయి. కాలు పెడితేగాని తెలియదు. ఒకసారి జారడం మొదలైతే పట్టుకోవడానికి ఆసరా దొరకదు. సరిగ్గా ఆ పేరుతోనే సినిమా లోకం మీద తెలుగులో ఒక పెద్ద నవల వచ్చింది. దాన్ని రాసినాయన మద్రాసులో పుట్టినవాడు కాదు, స్టూడియో యజమాని అంతకన్నా కాదు. ఎనిమిదో తరగతి దాటని, తాడికొండలో పెరిగిన ఒక బీదింటి పిల్లవాడు.

ఆయనే రావూరి భరద్వాజ. 1927 జూలై 5న కంచికచర్ల దగ్గరి మొగులూరులో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం తాడికొండ చేరింది. పేదరికం వల్ల చదువు ఆగిపోయింది. పొలం పనులకు వెళ్లారు, ఫ్యాక్టరీలో, ప్రెస్సులో చిన్నాచితకా పనులు చేశారు. చేతికి దొరికిన పుస్తకం చదివారు. ఆ మనిషికే 2013లో జ్ఞానపీఠం ప్రకటించారు. విశ్వనాథ సత్యనారాయణ, సినారెల తర్వాత తెలుగులో ఆ గౌరవం పొందిన మూడో రచయిత ఆయన. అదే ఏడాది అక్టోబర్ 18న కన్నుమూశారు.

ఇంతకీ మద్రాసు సినిమా వాళ్ల ఇళ్లలోని గుట్టు తాడికొండ మనిషికి ఎలా తెలిసింది? 1946లో నెల్లూరు ‘జమీన్‌రైతు’లో చేరిన భరద్వాజ, తర్వాత ‘చిత్రసీమ’, ‘సినిమా’ వంటి పత్రికల్లో పనిచేశారు. 1959లో హైదరాబాద్ ఆకాశవాణిలో చేరేదాకా పత్రికలే ఆయనకు అన్నం పెట్టాయి. సినిమా పత్రికలో పనిచేసేవాడికి అచ్చు వేసే కబురుకంటె అచ్చు వేయలేని కబురే ఎక్కువ చెవినపడుతుంది. పేరు పెట్టి రాస్తే పరువునష్టం దావా. రాయకుంటే మనసు ఊరుకోదు. అలాంటి సరుకంతా చివరికి నవలలో చేరింది.

ఆ నవలకు మొదట ఆయన పెట్టుకున్న పేరు ‘మాయ జలతారు’. కృష్ణాపత్రికలో ధారావాహికగా వచ్చేటప్పుడు ఆ పత్రికలో ఉన్న కవి, చిత్రకారుడు శీలా వీర్రాజు సూచనతో ‘పాకుడురాళ్లు’ అయింది. 1978లో పుస్తకంగా వెలువడింది.

మంగమ్మ మంజరి అయిన వైనం

కథలో అమ్మాయి పేరు మంగమ్మ. ఆస్తి లేదు, అండ లేదు. నాటకాల్లో వేషం కడుతుంది. అక్కడినుంచి మద్రాసు చేరుతుంది. మంగమ్మ పేరు తెరకు పనికిరాదన్నారు గనుక మంజరి అవుతుంది. పేరు మారడంతో మొదలైన మార్పు అక్కడ ఆగదు. ఎక్కడ పుట్టిందీ, ఎవరి పిల్లో, ఎవరి వెంట వచ్చిందీ ఒక్కొక్కటే దాచిపెట్టవలసిన విషయం అవుతుంది. అభిమానులకు తెలిసిన మంజరి వేరు, మంగమ్మ వేరు.

భరద్వాజ ఈమెను అమాయకురాలిగా చూపించి కన్నీళ్లు పెట్టించి ఊరుకోలేదు. తనను వాడుకున్నవారిని తానూ వాడుకోవడం నేర్చుకుంటుంది మంజరి. డబ్బు లెక్క, మనుషుల లెక్క రెండూ ఆమెకు పట్టుబడతాయి. చదివేవాడికి ఒకచోట జాలి, మరొకచోట కోపం. ముగింపు ఇక్కడ చెబితే చదవబోయేవారికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఈమె ఫలానా తార అని, కాదు ఫలానా తార అని చదివినవాళ్లు పోల్చుకుంటూ ఉంటారు. అలా ఒక్కరికే అంటగట్టడం వల్ల లాభం లేదు. ఒక్కరి కథే అయితే అంత పెద్ద పుస్తకం అవసరం ఉండేది కాదు.

చందమామ తర్వాత ఏమిటి?

తెలుగులో చిన్నపిల్లలకు కథలకు లోటులేదు. 1947లో మొదలైన ‘చందమామ’ మూడు నాలుగు తరాలను పెంచింది. భరద్వాజ కూడా పిల్లల కోసం ఎన్నో కథలు రాశారు. పెద్దలకు నవలలకూ కొదవలేదు. మధ్యలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం విడిగా రాసే అలవాటే మనకు తక్కువ. చందమామ మూసిన పిల్ల నేరుగా వారపత్రిక సీరియల్ తెరిచేది. అద్దె పుస్తకాల కొట్టులో పావలా ఇచ్చి తెచ్చుకున్న నవలను లెక్కల పుస్తకంలో దాచుకుని చదివేది. అమ్మకు తెలిస్తే వీపు చిట్లేది.

అలా దొంగచాటుగా చదివినవాటిలో సినిమా తారల కథలు ఎక్కువే. తారకు కారు ఉంటుంది, మేడ ఉంటుంది, ఆమెకో రహస్యం ఉంటుంది. ఆ రహస్యం బయటపడే ఘట్టం దగ్గర ‘వచ్చేవారం’ అని ఆపేవారు. వారమంతా బావి దగ్గర అదే చర్చ. సినిమా పత్రికల్లో గాలికబుర్లు సరేసరి. పేరు రాయకుండా ‘ఆ పొడుగు నటి’ అనేవారు. అర్థమైనవారికి అర్థమయ్యేది, కానివారు నలుగురి పేర్లు చెప్పుకునేవారు. ఇప్పుడు అద్దె కొట్లు దాదాపు కనుమరుగయ్యాయి. ఆ కబుర్లే సెల్‌ఫోన్‌లో వీడియోలై వస్తున్నాయి. ఇంట్లో పెద్దలకు ఇప్పుడు లెక్కల పుస్తకం వెతికినా ఏమీ దొరకదు.

గాలికబురు ఎవరితో ఎవరు తిరిగారో చెబుతుంది. ఆ పిల్ల అక్కడిదాకా ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, ఆమె సంపాదన ఎవరి చేతికి పోయింది అనేవి చెప్పదు. ఆ పని చేసింది నవలే. అందుకే ఇంటర్ చదివే పిల్ల చేతిలో ‘పాకుడురాళ్లు’ కనబడితే పెద్దలు లాక్కోనవసరం లేదు. కొన్నిచోట్ల మోటుగా ఉంటుంది, నిజమే. ఫోన్‌లో వచ్చేదానికంటె మోటు కాదు.

చిర్రావూరు పిల్ల

ఈ జిల్లావారికి సినిమా ఇంటి రహస్యం అనగానే నవలకంటె ముందు గుర్తొచ్చే పేరు ఒకటుంది. తాడేపల్లి దగ్గరి చిర్రావూరులో పుట్టిన సావిత్రి. నెలల పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయాడు. విజయవాడలో పెద్దమ్మ, పెద్దనాన్నల దగ్గర పెరిగింది. ఆటపాటల్లో చురుకైన పిల్ల కావడంతో పెద్దనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య వెంటబెట్టుకుని మద్రాసు తీసుకెళ్లాడు. మొదట్లో వయసు చాలదని తిప్పి పంపారు. ‘సంసారం’లో అవకాశం చేతిదాకా వచ్చి జారింది. 1951లో ‘పాతాళభైరవి’లో ఒక డాన్సు. ఆ మరుసటి ఏడు ‘పెళ్లిచేసి చూడు’, 1953లో ‘దేవదాసు’. ఆ తర్వాత ఆమెకు ఎదురులేకపోయింది.

1952లోనే ఆమె జెమినీ గణేశన్‌ను పెళ్లాడింది. అప్పటికే ఆయనకు భార్యాపిల్లలు ఉన్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు, లోకానికి చెప్పలేదు. లక్స్ సబ్బు ప్రకటన కోసం ‘సావిత్రి గణేశ్’ అని సంతకం చేయడంతో గుట్టు బయటపడిందని ఆమె జీవితం రాసినవాళ్లంతా చెబుతారు. ఇరవై నిండీ నిండని పిల్ల అంత పెద్ద సంగతిని కడుపులో దాచుకుని, రోజూ కెమెరా ముందు వేరొకరి భార్యగా, చెల్లెలుగా నటించింది.

తర్వాత సంగతి పల్లెల్లోనూ అందరికీ తెలిసిందే. 1968లో స్త్రీలనే కూర్చుకుని ‘చిన్నారి పాపలు’ తీసింది, దర్శకత్వం తనే. సొంత చిత్రాలు కలిసిరాలేదు. అప్పులు, ఆదాయపన్నువారి జప్తులు, తాగుడు. 1981 డిసెంబర్ 26న పోయేనాటికి పంతొమ్మిది నెలలుగా స్పృహలేదు. 2018లో ‘మహానటి’ వచ్చాక, ఆమె పోయిన ఇరవై ఏళ్లకు పుట్టిన పిల్లలు కూడా ఆమె కోసం ఏడ్చారు.

అదే జెమినీ గణేశన్‌కు, పశ్చిమగోదావరి జిల్లా పెంటపాడు నుంచి వెళ్లిన నటి పుష్పవల్లికి పుట్టిన బిడ్డ రేఖ. 1966లో ‘రంగులరాట్నం’లో బాలనటి. చిన్నతనంలో తండ్రి తన బిడ్డేనని లోకానికి చెప్పలేదు. ఇంట్లో అప్పులు. బడి మాన్పించారు. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, భాష రాని బొంబాయిలో హిందీ చిత్రాలకు మేకప్ వేసుకోవలసి వచ్చింది. ఆ వయసులో తనకు ఇష్టం లేకపోయినా చేశానని తర్వాత ఆమే చెప్పుకున్నారు. మన పత్రికలు మాత్రం ఆ పిల్ల ప్రేమ వ్యవహారాల మీదే ఏళ్ల తరబడి పేజీలు నింపాయి.

గుట్టు ఎవరి కోసం?

ఈ కథలన్నింటిలో రహస్యం పిల్లది కాదు, పెద్దవాళ్లది. దాచిపెట్టే బరువు మాత్రం పిల్లమీద పడింది. తండ్రి ఎవరో చెప్పకూడదు, పెళ్లయిందని చెప్పకూడదు, అసలు వయసు చెప్పకూడదు. ఆమె నోరు విప్పితే వేషాలు పోతాయి, వేషాలు పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకే ఆ ఇంట ఎవరూ నోరు విప్పరు. ‘పాకుడురాళ్లు’ చదివితే ఈ లెక్క విప్పి చెప్పినట్టుంటుంది.

పల్లెలో ఇది కొత్తేమీ కాదు. నాటకాల రోజుల్లో ఆడపిల్లను కాంట్రాక్టరు వెంట పంపి, నెలనెలా మనియార్డరు అందుకుని, ఊళ్లో మాత్రం ‘పెద్దమ్మ ఊరెళ్లింది’ అని చెప్పిన ఇళ్లు ఉన్నాయి. మనియార్డరు ఆగినప్పుడే పిల్ల గుర్తొచ్చేది.

నవల వచ్చి నలభై ఏళ్లు దాటాక సంగతులు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కాయి. 2017లో కేరళలో ఒక నటిని కారులో ఎత్తుకుపోయి వేధించిన కేసు తర్వాత, అక్కడి సినీరంగ స్త్రీల పట్టుదలతో జస్టిస్ హేమ కమిటీ వేశారు. 2019 డిసెంబర్‌లో నివేదిక ఇస్తే, కొన్ని భాగాలు తీసేసి 2024 ఆగస్టు 19న బయటపెట్టారు. తెలుగు చిత్రసీమ మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక కమిటీ వేసింది. దాని ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. కేరళ నివేదిక బయటికి వచ్చినప్పుడు దీన్నీ ప్రచురించాలని నటి సమంత సహా పలువురు అడిగారు. కమిటీ ముందు చెప్పిన మాటకు సాక్షి పేరు రహస్యంగా ఉండాలి, అది న్యాయమే. మాటే రహస్యంగా ఉండిపోతే కమిటీ దేనికి?

పిల్లల విషయంలో చట్టం కొంత నయం. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నిబంధనల ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను సినిమాలో, టీవీలో నటింపజేయాలంటే షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పనిచేయించకూడదు. బడి పోకూడదు. పిల్ల సంపాదనలో కనీసం అయిదోవంతు జాతీయ బ్యాంకులో పిల్ల పేరనే ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. ఆ డబ్బు తల్లిదండ్రులు ముట్టుకునేది కాదు, పెద్దయ్యాక ఆ బిడ్డే తీసుకుంటుంది.

అయితే ఈ నిబంధనలు పద్నాలుగేళ్లలోపు వారికే. మద్రాసులో, బొంబాయిలో పైన చెప్పిన పిల్లలు చిక్కుకున్నది దాదాపు ఆ గీత దాటే వయసులోనే. పద్నాలుగు దాటినవారిని కూడా కలుపుకుని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది గాని, అవి మార్గదర్శకాలే.

ఊళ్లోకి వచ్చి ‘మీ పిల్ల మొహం తెరకు సరిపోతుంది, ఫొటోల ఖర్చు మాత్రం మీరే పెట్టుకోండి’ అనేవాడిని ముందుగా కంపెనీ పేరు, అనుమతి కాగితం అడగాలి. వేషం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గాని పుచ్చుకోడు. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో అనుమానం వస్తే 1098కి, స్త్రీల విషయంలో 181కి ఫోన్ చేయవచ్చు. ఈ రెండు నంబర్లకూ చార్జీ ఉండదు.