కారు డోర్ అద్దం మార్చడం ఎలా (మరియు నా స్టీల్ స్కేల్ కథ)

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో నేను రాసిన పెద్ద వ్యాసం టెన్త్ పరీక్షలో రాసినదే. కాబట్టి ఎక్కడైనా ఒత్తు తప్పితే ఎడిటర్ అక్క చూసుకుంటుంది, మీరు విషయం చూడండి. విషయం ఏమిటంటే, పగిలిపోయిన కారు డోర్ అద్దం తీసి ఇంకోటి వేయడం. కంప్యూటర్ సైన్స్ వాడికి దీంతో పనేంటి అంటారా? పగలగొట్టింది నేనే కాబట్టి.

మాది పాత ఆల్టో. పవర్ విండోలు లేవు, హ్యాండిల్ తిప్పి అద్దం దించుకునే మోడల్. మొన్న సెలవుల్లో విజయవాడ వెళ్లినప్పుడు, మొగల్రాజపురంలో మా ఇంటి ముందు కారు పెట్టి, తాళం లోపలే మరచి డోర్లన్నీ లాక్ చేసేశాను. రెండో తాళం నాన్న దగ్గర ఉంది. ఫోన్ చేస్తే తిడతారని, యూట్యూబ్‌లో చూసినట్టు అద్దానికీ కింద రబ్బరుకీ మధ్య సందులో ఫస్టియర్ డ్రాయింగ్ క్లాసు స్టీల్ స్కేల్ దూర్చి లాక్ రాడ్డు కోసం వెతికాను. అందలేదు. కొంచెం బలంగా అటూ ఇటూ నొక్కాను. "ఫట్" మని ఒక్కటే శబ్దం. ఎదురుగా ఉన్న అద్దం తెల్లగా మారి, మరుక్షణం పటిక బెల్లం ముక్కల్లా రాలిపోయింది. స్కేల్ కూడా చేతిలోంచి జారి ఎటో పోయింది. తాళం తీసుకుని పైకి పరిగెత్తాను.

సాయంత్రం నాన్న చూశారు. ఆ సందులో రోజూ పిల్లలు క్రికెట్ ఆడతారు. "పైన అద్దెకుండే వాళ్ల బాబు బంతి తగిలిందేమోరా?" అన్నారు. నేను "అయ్యుండొచ్చు నాన్నా" అన్నాను. అంతే అన్నాను. రాత్రికి ఏడో క్లాసు చదివే ఆ పిల్లాడిని వాళ్లమ్మ తిట్టడం మా వంటింట్లోకి వినపడింది. బ్యాట్ తీసి బీరువా మీద పెట్టేసిందట.

ఇప్పుడు అసలు పాఠం. ఒక కారులో రెండు రకాల అద్దాలు ఉంటాయి. ముందు అద్దం లామినేటెడ్. అంటే రెండు పలచని గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. రాయి తగిలితే సాలెగూడులా పగుళ్లు వస్తాయి కానీ ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మన మొహం మీద పడవు. డోర్ అద్దం సాధారణంగా టఫెన్డ్ గాజు. దీన్ని 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటేదాకా వేడి చేసి, రెండు వైపులా ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది, కానీ గట్టిపడిపోయిన పైపొర దాన్ని వదలదు. ఫలితంగా పైపొర ఎప్పుడూ నొక్కిపెట్టినట్టు, లోపలి భాగం ఎప్పుడూ లాగిపెట్టినట్టు ఉండిపోతాయి. గాజు పగలాలంటే ఎక్కడో ఒక గీత తెరుచుకోవాలి. పైపొర నొక్కుడులో ఉంది కాబట్టి ఆ గీత అంత సులువుగా తెరుచుకోదు. అందుకే ఇది అదే మందం ఉన్న మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది.

కానీ దీనికొక బలహీనత ఉంది. ఏదైనా గట్టి వస్తువు ఆ పైపొరను దాటి లోపలికి దిగితే, దాచుకున్న ఒత్తిడంతా ఒకేసారి బయటపడి మొత్తం అద్దం చిన్న చిన్న ముక్కలైపోతుంది. అంచుల దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మధ్యలో గుద్దితే తట్టుకున్న అద్దం అంచు మీద స్టీలు ముక్క ఒరుసుకుంటే పోతుంది. (కారు నీళ్లలో పడితే సుత్తితో ముందు అద్దం కాకుండా పక్క అద్దం మూలలో కొట్టమనేది ఇందుకే.) ముక్కలు మొద్దుగా ఉండటం వల్ల పెద్ద గాయాలు కావు. చిన్నవి అవుతాయి, నా వేళ్లే సాక్ష్యం.

ఇంకో సంగతి. టఫెన్ చేశాక ఆ గాజును కోయడం కుదరదు. కోయబోతే అదే ఫట్. ఆకారం, బోల్టు రంధ్రాలు అన్నీ వేడి చేయకముందే చేసేయాలి. అందుకని గాజు షాపుకి వెళ్లి "ఈ సైజులో కోసివ్వండి" అంటే కుదరదు. మీ కారు మోడల్‌కి, ముందు డోరా వెనక డోరా, ఏ పక్కది అని చెప్పి కొనాలి. ఆటోనగర్‌లో కుడి ఎడమ అనరు, డ్రైవర్ సైడ్, క్లీనర్ సైడ్ అంటారు. కారుకి క్లీనర్ ఎక్కడి నుంచి వచ్చాడని అడక్కండి, లారీల నుంచి వచ్చిన అలవాటు. మాది క్లీనర్ సైడ్ ముందు డోరు.

మరుసటి రోజు పొద్దున్నే పగిలిన చోట పాలిథిన్ కవర్ అతికించి నేనూ నాన్నా ఆటోనగర్ వెళ్లాం. (ప్లాస్టర్ రంగు మీద ఎండలో ఎక్కువ రోజులు ఉంచకండి, జిగురు వదలదు.) ఇన్సూరెన్స్ గురించి అడిగేవాళ్లకి: పూర్తి పాలసీ ఉంటే అద్దం వస్తుంది. గాజు భాగాలకు తరుగు కూడా కొయ్యరు. కానీ క్లెయిమ్ చేస్తే 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కాబట్టి ఒక్క పక్క అద్దానికి చాలామంది వెళ్లరు. మాకు ఈ గొడవే లేదు, మాది థర్డ్ పార్టీ పాలసీ. అది మన అద్దానికి పైసా ఇవ్వదు.

పాత సామాన్ల షాపులో అడుగున ఇనుప పట్టీతో సహా ఒక అద్దం దొరికింది, రూ.700. మూలలో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు ఉన్నాయో లేదో చూడమన్నారు మెకానిక్ బాబాయ్. వాహనాల గాజుకి మన దేశపు ప్రమాణం అదే. షాపతను "ఫిల్మ్ కూడా వేసేయనా?" అన్నాడు. వద్దన్నాం. నల్ల ఫిల్ములు అంటించొద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలనేది రూలు.

ఆ రోజు బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు రాలేదు. "ఇంజినీరింగ్ అంటున్నావుగా, నువ్వే విప్పు, నేను చెప్తా" అన్నారు. నాన్న టీకి వెళ్లారు.

మొదటి చిక్కు అద్దం తిప్పే హ్యాండిల్. దానికి బయట స్క్రూ కనపడదు. వెనకాల గుర్రపు లాడం ఆకారంలో ఒక తీగ లాకు ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడ్ చిరుగుతుంది. బాబాయ్ ఒక పాత నూలు గుడ్డ ఇచ్చారు. ఆ గుడ్డను హ్యాండిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య దూర్చి, బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాలి. గుడ్డ పోగులు లాకు కొసను పట్టుకుని బయటికి లాగేస్తాయి. నేను లాగితే లాకు టింగుమని ఎగిరి పక్క షెడ్డులో పడింది. అది వెతకడానికి పది నిమిషాలు. మీరు చేస్తే ఇంకో చేయి అడ్డం పెట్టుకోండి.

తర్వాత లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న స్క్రూ, చేయి ఆనించుకునే దాని స్క్రూలు. అవి పోయాక డోర్ ప్యాడ్ ప్లాస్టిక్ క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో క్లిప్పు దగ్గర వేళ్లు పెట్టి లాగి, చివర్లో ప్యాడ్ మొత్తాన్ని పైకి ఎత్తాలి. పాత క్లిప్పులు రెండు మూడు విరగక మానవు, ముందే కొని పెట్టుకోండి. విప్పినవి విప్పిన వరుసలో నేల మీద పేర్చాను. బిగించేటప్పుడు చివర పెట్టింది ముందు తీయాలి. డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ నాకు ఆ రోజు అర్థమైంది.

ప్యాడ్ వెనక నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. చెత్త అనుకుని చింపబోయాను, బాబాయ్ చేయి పట్టుకున్నారు. వాన పడినప్పుడు అద్దం మీది నీళ్లు కొన్ని డోర్ లోపలికే దిగుతాయి, అది మామూలే. అడుగున వాటికి రంధ్రాలున్నాయి. నీళ్లు కారులోకి రాకుండా ఆ రంధ్రాల వైపు మళ్లించేది ఈ షీటే. దాన్ని మెల్లగా ఒలిచి పక్కన పెట్టాలి, చింపితే వానాకాలం కాళ్ల కింద చెరువు.

ఇక గాజు ముక్కలు. సీటు మీద ఉన్నవి కొన్నే, అసలు రాశి డోరు కడుపులో ఉంది. గ్లౌజులు వేసుకుని పెద్దవి ఏరి, మిగతావి వాక్యూమ్‌తో లాగాలి. అడుగు రంధ్రాలను తీగతో పొడిచి చూడాలి. గాజు నలక అడ్డుపడి నీళ్లు నిలిస్తే డోరు లోపలి నుంచే తుప్పు పడుతుంది, బయటికి కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

నేను వాక్యూమ్ పట్టుకుని ఉన్నాను. బాబాయ్ డోరులోకి చేయి పెట్టి తడుముతూ ఆగారు. బయటికి తీశారు. ముప్పై సెంటీమీటర్ల స్టీల్ స్కేల్. దాని మీద కాంపస్ మొనతో గీసిన నా రోల్ నంబర్.

"ఇది కూడా బంతితో పాటే వచ్చిందా బాబూ?" అన్నారు.

దారిలో నాన్న ఆయనకు క్రికెట్ కథ చెప్పేశారు మరి. నేనేం మాట్లాడలేదు. ఆయన బయటి రబ్బరు బీడింగ్ చూపించారు. స్కేల్ దిగిన చోట అది వంగిపోయి ఉంది, రంగు మీద గీతలు. "టెన్నిస్ బంతికి ఈ అద్దం పగలదు. పిల్లలు ఏమేం బంతులతో ఆడతారో నాకు తెలుసులే" అని స్కేల్ తుడిచి నా జేబులో పెట్టారు. టీ కొట్టు వైపు చూశారు. తర్వాత మామూలుగా "ఆ, 10 నంబర్ పాన అందుకో" అన్నారు. ఆయన నాన్నకు చెప్తారా చెప్పరా అన్నది నాకు తెలియదు. మిగతా పనంతా అదే ఆలోచిస్తూ చేశాను, అయినా స్టెప్పులు గుర్తున్నాయి.

వంగిన బీడింగ్ తీసేసి కొత్తది పక్కన పెట్టుకున్నాం. అద్దాన్ని పై నుంచి, ముందు కొస కిందికి వంచి డోరులోకి దించాలి. ఒకరు బయట, ఒకరు లోపల ఉంటే సుఖం. లోపల రెండు పక్కలా రబ్బరు గాడులుంటాయి, అద్దం అంచులు ఆ గాడుల్లో కూర్చోవాలి. అడుగు పట్టీ రంధ్రాలు విండో మెషిన్ చేతికి ఎదురుగా వచ్చాక బోల్టులు పెట్టాలి, కానీ అప్పుడే బిగించకూడదు. నేను అక్కడే తప్పు చేశాను. బిగించేస్తే అద్దం సగం పైకొచ్చి వంకరగా ఇరుక్కుంది. బోల్టులు వేలితో తిరిగేంత వదులుగా ఉంచి, హ్యాండిల్ తాత్కాలికంగా తగిలించి, అద్దాన్ని పూర్తిగా పైకి తిప్పాలి. పై రబ్బరులో అది తన చోటు తాను వెతుక్కుంటుంది. అప్పుడు బిగించాలి. తర్వాత ప్యాడ్ వేయకముందే నాలుగైదు సార్లు పైకీ కిందికీ తిప్పి చూడాలి. టెస్ట్ చేయకుండా డిప్లాయ్ చేస్తే ఏమవుతుందో మన బ్రాంచ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అద్దం బరువుగా కదిలితే గాడుల్లో సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు వద్దు. దుమ్ము పట్టి రబ్బరును తినేస్తాయి.

పవర్ విండోలు ఉన్నవాళ్లకి పని దాదాపు ఇదే. హ్యాండిల్ బదులు స్విచ్ వైరు విప్పాలి, అద్దం దారిలో వేళ్లు ఉండగా ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వకూడదు.

చివర బీడింగ్, షీటు, ప్యాడ్, స్క్రూలు. తీగ లాకును హ్యాండిల్‌లో ముందే పెట్టి, హ్యాండిల్‌ను ఇరుసు మీద ఉంచి అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే టక్కుమని కూర్చుంటుంది. మొత్తం రెండు గంటలు పైనే పట్టింది. బాబాయ్‌కి నలభై నిమిషాల పనట. నాన్న డబ్బులిస్తుంటే ఆయన వంద తగ్గించి తీసుకుని, "మీవాడు పని నేర్చుకున్నాడు లెండి" అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు.

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్కేల్ తీసి డ్యాష్‌బోర్డ్ మీద పెట్టాను. నాన్న దాన్ని చూశారు, రోల్ నంబర్ చదివారు. వెనక హారన్లు కొడుతున్నా రెండు సెకన్లు కదల్లేదు. ఇంటికొచ్చాక కారు దిగుతూ "పైకి నువ్వే వెళ్తావా, నేను రానా?" అని అడిగారు. నేనే వెళ్లాను. ఆంటీ నన్ను ఏమీ అనలేదు, అదే కష్టంగా అనిపించింది. బీరువా మీది నుంచి బ్యాట్ దించి నా చేతికే ఇచ్చారు. పిల్లాడు మాత్రం "నేను ముందే చెప్పా కదన్నా, నేను కొట్టింది స్ట్రెయిట్ షాట్, కారు లెగ్ సైడ్ ఉంది" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్లకి గంటసేపు బౌలింగ్ వేశాను. నన్ను బ్యాటింగ్ చేయనివ్వలేదు.

మీ కారులో అద్దం పగిలితే సీటు పట్టాల సందుల్లో రెండోసారి, నెల తర్వాత మూడోసారి వాక్యూమ్ పట్టండి. మాకు ఇంకా ముక్కలు దొరుకుతూనే ఉన్నాయి.