ఒకే .32, రెండు తూటాలు: లైసెన్సుదారు గమనించవలసిన అంశాలు

ఆత్మరక్షణ కోసం పిస్టల్ లేదా రివాల్వర్ లైసెన్సు పొందిన వ్యక్తి ఆయుధం ఎంపికపై నెలల తరబడి ఆలోచిస్తాడు. తూటాల విషయానికి వచ్చేసరికి మాత్రం దుకాణదారు చేతికిచ్చిన పెట్టెతో సరిపెట్టుకోవడం పరిపాటి. పొరపాటు తూటా వల్ల ఆయుధం దెబ్బతినవచ్చు, పేల్చిన వ్యక్తికే గాయం కావచ్చు, గోడకు అవతల ఉన్న నిరపరాధి ప్రాణాలకు ముప్పు వాటిల్లవచ్చు. అందువల్ల ఈ ఎంపిక ఆయుధం ఎంపిక కంటే తక్కువ ప్రాధాన్యం గలది కాదు.

చట్టం గీసిన పరిధి

ఆయుధాల చట్టం-1959 ప్రకారం తుపాకికే కాక తూటాకు కూడా లైసెన్సు తప్పనిసరి. ఆ చట్టం కింద రూపొందిన నిబంధనలు ఆయుధాలను నిషిద్ధ, నిషేధం లేని బోర్లుగా విభజించాయి. భద్రతా బలగాలు వాడే 9 మిల్లీమీటర్ల తూటాను పేల్చగల పిస్టళ్లు, .380, .455 అంచు తూటాలను పేల్చగల రివాల్వర్లు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. ఈ కారణంగా సాధారణ పౌరుడికి చేతి తుపాకుల్లో ప్రధానంగా మిగిలేది .32 బోరు. క్రీడా సాధనలో .22 బోరు విరివిగా కనిపిస్తుంది.

ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సు పుస్తకంలో నమోదై ఉంటుంది. ప్రతి కొనుగోలునూ విక్రేత అందులో నమోదు చేస్తాడు. కోటా పరిమితం కనుక ప్రతి తూటానూ లెక్కించి వాడవలసిందే.

పేరు ఒకటే, కొలతలు వేరు

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందువైపు బిగించిన బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కగానే సుత్తి దెబ్బకు ప్రైమర్ రగులుతుంది, మందు అంటుకుంటుంది, ఆ వాయు పీడనం బుల్లెట్‌ను బ్యారెల్ గుండా బయటకు నెడుతుంది. ఆయుధం ఎంత పీడనాన్ని తట్టుకోగలదో, దాని గది ఎంత పొడవు ఉంటుందో అన్నదానిపైనే తూటా అనుకూలత ఆధారపడుతుంది.

భారత విపణిలో .32 పేరుతో రెండు వేర్వేరు తూటాలు లభిస్తాయి. మొదటిది రివాల్వర్‌కు ఉద్దేశించిన .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. దీని ఇత్తడి గొట్టం పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున స్పష్టమైన అంచు ఉంటుంది. రెండోది పిస్టల్‌కు ఉద్దేశించిన .32 ఏసీపీ. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఈ తూటా గొట్టం పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. దీనిని 7.65 మిల్లీమీటర్ల తూటా అని కూడా పిలుస్తారు. పొట్టిగా ఉన్నప్పటికీ రెండోదాని పీడనం మొదటిదాని కంటే ఎక్కువ. కొన్ని రివాల్వర్ల గదిలో పిస్టల్ తూటా దూరినంత మాత్రాన అది సరైన తూటా కాజాలదు. బ్యారెల్‌పై చెక్కిన పేరును, పెట్టెపై ముద్రించిన పేరును అక్షరం అక్షరం సరిపోల్చుకోవడం తొలి నియమం.

పుణెలోని ఖడ్కీ ఆయుధ కర్మాగారం ఈ రెండు రకాలనూ తయారు చేస్తోంది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వరంగ సంస్థలు ఏర్పడినప్పుడు ఈ కర్మాగారం మ్యునిషన్స్ ఇండియా పరిధిలోకి వచ్చింది.

బుల్లెట్ ఆకృతి, దాని పర్యవసానం

బుల్లెట్‌లలో రెండు ప్రధాన రకాలు ప్రసిద్ధం. సీసపు గుండుపై పూర్తిగా లోహపు తొడుగు ఉండేది ఒకటి. అది ఆకారం చెడకుండా నేరుగా దూసుకుపోతుంది, పిస్టల్‌లో సాఫీగా కదులుతుంది, ధర కూడా తక్కువ. అందుకే సాధనకు దీనినే ఎక్కువగా వాడతారు. కొన వద్ద గుంట ఉండేది రెండోది. అది లక్ష్యాన్ని తాకగానే విచ్చుకొని వేగాన్ని కోల్పోతుంది. లక్ష్యాన్ని దాటి వెనుకనున్న వారిని తాకే అవకాశం తగ్గుతుందన్న కారణంతో అమెరికా పోలీసు శాఖల్లో ఇది స్థిరపడింది.

విచ్చుకునే బుల్లెట్ చరిత్రకు భారత ఉపఖండంతో ముడి ఉంది. 1890లలో కోల్‌కతా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధశాలలో బ్రిటిష్ అధికారి నెవిల్ బెర్టీ-క్లే రూపొందించిన మెత్తని కొన గల బుల్లెట్‌కు ఆ ఊరి పేరే స్థిరపడింది. దేశాల మధ్య యుద్ధాల్లో ఇటువంటి బుల్లెట్ల వాడకాన్ని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది.

తొడుగు బుల్లెట్ వాడే వారు ఒక విషయం మరువరాదు. పలుచని తలుపు, జిప్సం అడ్డుగోడ, కిటికీ అద్దం దానిని ఆపలేవు. అపార్ట్‌మెంట్లలో నివసించే వారికి లక్ష్యం వెనుక ఏముందన్న ప్రశ్న లక్ష్యమంత ముఖ్యమైనది.

సాధనకు, రక్షణకు ఒకే బరువు

బుల్లెట్ బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ 0.065 గ్రాములకు సమానం. పిస్టల్ .32 బుల్లెట్ సాధారణంగా 71 గ్రెయిన్లు, అంటే సుమారు 4.6 గ్రాములు ఉంటుంది. బరువు, వేగం మారితే వెనుకకు తన్నే బలం మారుతుంది, గుండు తగిలే చోటు కూడా మారుతుంది. కనుక సాధనలో వాడే బుల్లెట్ బరువు, రక్షణకు దాచిన బుల్లెట్ బరువు ఒకటిగా ఉండటం మేలు. రక్షణకు ఉంచిన రకంలో కొన్నింటినైనా ఆ ఆయుధంలోనే రేంజ్‌లో పేల్చి, అవి అడ్డుపడకుండా పనిచేస్తున్నాయని నిర్ధారించుకోవాలి.

కోటా తక్కువైనందున ఖాళీ ఆయుధంతో, నకిలీ తూటాలతో చేసే సాధన ఎంతో ఉపకరిస్తుంది. గురి, ట్రిగ్గర్‌పై వేలి ఒత్తిడి వంటివి మందు ఖర్చు లేకుండానే అలవడతాయి. అయితే ఆ సమయంలో నిజమైన తూటాలు ఆ గదిలోనే ఉండరాదు.

రేంజ్‌లో రెండు సందర్భాల్లో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. చప్పుడు మామూలు కంటే మెత్తగా వినిపిస్తే వెంటనే ఆపివేయాలి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక మరొకటి పేల్చితే బ్యారెల్ పగిలిపోయే ప్రమాదం ఉంది. సీసపు ధూళి కారణంగా సాధన తర్వాత చేతులు కడుక్కోనిదే ఆహారం ముట్టరాదు.

ఏళ్ల తరబడి బీరువాలో దాచిన తూటాలపై పూర్తి భరోసా పెట్టుకోలేం. చెమ్మ, తుపాకికి పూసే నూనె ప్రైమర్‌లోకి చేరితే అది నిర్జీవమవుతుంది. పాత తూటాలను సాధనకు వాడుతూ, కొత్తవాటిని రక్షణకు కేటాయించడం వివేకవంతమైన పద్ధతి. తుప్పు, పగుళ్లు, లోపలికి కుంగిన బుల్లెట్ కనిపించిన తూటాను పేల్చరాదు.

హద్దు దాటితే శిక్ష

సాధనకు తగిన స్థలం లైసెన్సు గల షూటింగ్ రేంజ్ మాత్రమే. వేడుకల్లో ప్రాణాపాయం కలిగేలా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు.

ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత-2023లోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు వివరిస్తాయి. రక్షణకు అవసరమైన దానికి మించి హాని కలిగించే హక్కు ఎవరికీ లేదని 37వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఎదుటివారి ప్రాణం తీసేంత వరకు ఆ హక్కు విస్తరించే సందర్భాలను 38వ సెక్షన్ పేర్కొంటుంది. ప్రాణభయం, తీవ్ర గాయభయం సహేతుకమై ఉండటం వాటిలో ముఖ్యమైనవి. పేల్చిన ప్రతి తూటా అవసరమేనా అన్న ప్రశ్నకు లైసెన్సుదారు న్యాయస్థానంలో సమాధానం చెప్పవలసి రావచ్చు.