బుధవారం మీటింగ్ ఏ వైపు జరిగింది?

ఇంగ్లిష్‌లో తేదీ గానీ వేళ గానీ ఒకసారి రాస్తే దానికి ఒకే అర్థం ఉంటుందని, అది బోధపడనివారికి భాష రానట్టేనని స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల్లోనూ ఉద్యోగ శిక్షణల్లోనూ పాతుకుపోయిన నమ్మకం చేస్తున్న చెరుపు చిన్నది కాదు. అమెరికా, బ్రిటన్ క్లయింట్లతో పనిచేసే తెలుగు ఉద్యోగి సందేహం వచ్చినప్పుడు తన ఇంగ్లిష్‌నే అనుమానించుకుని, తిరిగి అడగడానికి మొహమాటపడి, తీరా మీటింగ్ అయిపోయాక సంజాయిషీ చెప్పుకోవలసి రావడానికి ఈ నమ్మకమే మూలం.

బుధవారం జరగాల్సిన మీటింగును రెండు రోజులు 'మూవ్ ఫార్వర్డ్' చేశారన్న వాక్యం విన్న తెలుగువారు, ముందుకు జరిపారంటే సోమవారమే కదా అనుకోవడం సహజం. అయితే పరిశోధకులు లెరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కార్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ సూచనా ఇవ్వకుండా ఇంగ్లిష్ మాట్లాడేవారినే ఈ ప్రశ్న అడిగితే, సోమవారమని, శుక్రవారమని దాదాపు చెరి సగంగా చీలిపోయారు. కాలం కదలకుండా పరచుకుని ఉంటే మనిషే దాని మీదుగా రేపటి వైపు నడుస్తున్నట్టు భావించేవారికి 'ఫార్వర్డ్' అంటే తాము నడిచే దిక్కు కనుక శుక్రవారం తోస్తుంది. మనిషి నిలబడి ఉంటే రోజులే అతని వైపు వస్తున్నట్టు భావించేవారికి అదే మాట ఇంకాస్త దగ్గరకు రావడంగా వినిపించి సోమవారం తోస్తుంది. భాషాశాస్త్రంలో మొదటిదాన్ని కదిలే మనిషి దృష్టి అని, రెండోదాన్ని కదిలే కాలం దృష్టి అని చెప్పుకోవచ్చు. అదే అధ్యయనంలో భాగంగా విమానాశ్రయంలో అడిగినప్పుడు, అప్పుడే విమానం దిగినవారిలో శుక్రవారమన్నవారి పాలు, తమవారి కోసం ఎదురుచూస్తూ నిలబడినవారిలో కంటే ఎక్కువగా తేలింది. ఒక్క విమాన ప్రయాణమే జవాబును ఒక వైపు మొగ్గేలా చేయగలిగినప్పుడు, ఆ వాక్యం దగ్గర తడబడిన ఉద్యోగికి వ్యాకరణం రాదని తీర్పు చెప్పడం అన్యాయం.

దేశం మారితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒక అంశాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో వెంటనే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెండు దేశాల అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నాక గానీ ఇరుపక్షాలూ కోరుతున్నది ఒకటేనని గ్రహించలేదని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో నమోదు చేశాడు.

'బైవీక్లీ' అంటే రెండు వారాలకొకసారేననడం తప్పు, వారానికి రెండుసార్లన్న అర్థమూ నిఘంటువుల్లో ఉంది. 04/05 అన్నది ఎక్కడైనా మే నాలుగేననడం తప్పు, అమెరికాలో అది ఏప్రిల్ ఐదు. 12 పీఎం మధ్యాహ్నమేనని మొదటినుంచీ స్థిరపడి ఉందనడమూ తప్పే: అమెరికా ప్రభుత్వ ముద్రణాలయపు శైలి గ్రంథమే 2000 సంచికలో దాన్ని అర్ధరాత్రిగా చెప్పి, 2008లో మధ్యాహ్నంగా మార్చుకుంది.

అనుకున్న వేళ కంటే త్వరగా జరపడమనే అర్థంలో మనవాళ్లు వాడే 'ప్రీపోన్' అసలు ఇంగ్లిష్ మాటే కాదన్న ప్రచారంలో మాత్రం కొంత ఉపయోగం ఉందని ఒప్పుకోక తప్పదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు దక్కించుకున్న ఆ మాట తప్పేమీ కాదు, పైగా 'మూవ్ ఫార్వర్డ్' కంటే స్పష్టమైనది. అయినా భారతదేశం బయట చాలామందికి పరిచయం లేనిది కనుక విదేశాలకు రాసే ఉత్తరంలో దాన్ని వాడకపోవడమే మేలు.

మార్పును ఏ క్రియతో చెప్పినా దాని పక్కనే పాత రోజు, కొత్త రోజు, అక్షరాల్లో నెల పేరు, ఏ ఊరి వేళ అన్నది రాసి, అవతలివారి నుంచి కూడా అంతే అడిగి తెప్పించుకోవాలి. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాలను గంట ముందుకు తిప్పి ఉంచుతారు కనుక న్యూయార్క్‌కూ హైదరాబాదుకూ మధ్య తేడా పదిన్నర గంటల నుంచి తొమ్మిదిన్నరకు తగ్గుతుంది. అక్కడివారు ఆ నెలల్లోనూ అలవాటుగా, చలికాలపు వేళను సూచించే 'ఈఎస్‌టీ' అనే రాస్తుంటారు కాబట్టి, న్యూయార్క్‌లో అప్పుడు గడియారం ఎంత చూపిస్తుందో అడిగి తెలుసుకున్నాకే ఆ వేళను క్యాలెండర్‌లో వేసుకోవాలి.