కారు లైటు వేడి ఎటు పోతుంది?

సంగం జాగర్లమూడి తెనాలి మండలంలోని ఊరు. గుంటూరు, తెనాలి మధ్య రైలు మార్గంలో ఉంది. పగటిపూట ఎక్కడికి పోవాలన్నా ఏదో ఒకటి దొరుకుతుంది. అర్ధరాత్రి ఒక ఆడమనిషికి నొప్పులు మొదలైతే? అంబులెన్సుకు ఫోను చేస్తారు. అది వచ్చేదాకా ఆగలేమనిపిస్తే బాడుగ కారు మనిషిని లేపుతారు. గుంటూరు పెద్దాసుపత్రికి పోనివ్వమంటారు.

రోడ్డుకు ఇరుపక్కలా మాగాణి. కొన్నిచోట్ల పక్కనే కాలవ. ముందు ధాన్యం బస్తాల ట్రాక్టరు పోతూ ఉండవచ్చు. దాని వెనక ఎర్ర లైటు ఉండకపోవచ్చు. సైకిలు మీద పోయే మనిషి నల్ల దుప్పటి కప్పుకుని ఉండవచ్చు. ఇవన్నీ డ్రైవరుకు ముందుగా కనపడాలి. ఇంజను ఎంత బాగున్నా, లైటు సరిగా లేని కారు రాత్రికి పనికిరాదు.

అందుకే డ్రైవర్లు లైటు పెంచుకోవాలని చూస్తారు. అందులో తప్పు లేదు. ఎలా పెంచుకుంటారు అన్న దగ్గరే చిక్కు వస్తుంది. సామాన్ల షాపు ముందు ఇలాంటి మాటలు వినపడుతుంటాయి.

"బాబాయ్, ఎల్.ఇ.డి. వేయించుకో. పగల్లా ఉంటది."

"హోల్డరు కాలుద్దేమో అబ్బాయ్?"

"దానికి వేడే ఉండదు బాబాయ్. చల్లటి లైటు."

ఈ మాటలో కొంత నిజం ఉంది. కొంత అబద్ధమూ ఉంది. ఆ అబద్ధం వల్లే బల్బులు మాడుతున్నాయి, హోల్డర్లు కరుగుతున్నాయి.

బల్బు లోపల ఏం జరుగుతుంది?

చాలా కార్లలో ఇప్పటికీ ఉన్నది హాలోజన్ బల్బు. 1960ల్లో యూరప్ దేశాల్లో దీన్ని కార్లకు వాడటం మొదలుపెట్టారు. ఒకే బల్బులో డిమ్ముకు ఒక తీగ, హై లైటుకు ఒక తీగ ఉండే రకాన్ని హెచ్4 అంటారు. ఇది 1971లో వచ్చింది. లోపల ఉండేది సన్నటి టంగ్‌స్టన్ తీగ. కరెంటు పోగానే తీగ కాలి తెల్లగా వెలుగుతుంది. దాని వేడి 2,500 డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరిగి నీరవుతుంది. దీన్నిబట్టి అది ఎంత వేడో చూడండి.

ఆ తీగకు ఇచ్చిన కరెంటులో నూటికి పది వంతులు కూడా వెలుతురుగా మారవు. మిగతాదంతా వేడే. కాని ఆ వేడిలో చాలా భాగం కంటికి కనపడని కిరణాలుగా మారి, వెలుతురుతో పాటే ముందుకు పోతుంది. చలిమంట ముందు కూర్చుంటే ముఖానికి సెగ తగులుతుంది కదా. ఇదీ అంతే. హాలోజన్ లైటు అద్దం ముందు చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున పడే మంచు ఆ అద్దం మీద ఎక్కువసేపు నిలవదు.

ఎల్.ఇ.డి.లో తీగ లేదు. ఆవగింజంత చిప్పులు ఉంటాయి. వాటిలోంచి కరెంటు పోతే వెలుగు వస్తుంది. ఎర్ర ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. తెల్లటి వెలుగు రావాలంటే నీలం ఎల్.ఇ.డి. కావాలి. దాన్ని జపాన్ శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురా సాధించారు. వాళ్లకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కారు హెడ్‌లైటులో డిమ్ముకు ఎల్.ఇ.డి. పెట్టి కంపెనీయే అమ్మడం 2007లో లెక్సస్ కారుతో మొదలైంది.

ఎల్.ఇ.డి. తీసుకున్న కరెంటులో నూటికి ముప్ఫై నలభై వంతులు వెలుతురవుతుంది. హాలోజన్ కన్నా ఇది ఎంతో మెరుగు. కాని మిగిలిన అరవై వంతులు వేడే. ఆ వేడి సెగలా ముందుకు పోదు. చిప్పు వెనకే ఉండిపోతుంది. లైటు ముందు చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. బల్బు వెనక పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. షాపు అబ్బాయి చెప్పిన చల్లటి లైటు ముందువైపు మాత్రమే చల్లన.

ఇది ఇంట్లోనూ చూడవచ్చు. 2014, 2015 సంవత్సరాల్లో గుంటూరు జిల్లాలో ఇళ్లకు ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. అప్పటి నుంచి ఊరూరా అవే వెలుగుతున్నాయి. గంటసేపు వెలిగిన బల్బును ఆర్పండి. హోల్డరు జోలికి పోకుండా బల్బు మెడ దగ్గర ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. అది తక్కువ వాట్ల బల్బు. కారు బల్బు 25, 30 వాట్లు ఉంటుంది. పైగా ఇంటి బల్బు గాలిలో వేలాడుతుంది. కారు బల్బు ఇంజను పక్కన, మూత లోపల ఉంటుంది.

మూత లోపలి ఉడుకు

హెడ్‌లైటు వెనక రబ్బరు మూత ఉంటుంది. దుమ్ము, నీరు లోపలికి పోకుండా కంపెనీ దాన్ని పెట్టింది. హాలోజన్ బల్బుకు ఆ మూత అడ్డం కాదు. దాని వేడి ముందుకు పోతుంది కాబట్టి. ఎల్.ఇ.డి. బల్బు వెనక అల్యూమినియం రెక్కలు ఉంటాయి. కొన్నిటికి చిన్న ఫ్యాను కూడా ఉంటుంది. రెక్కలు వేడిని లాగి గాలికి ఇస్తాయి. గాలి ఆడకపోతే? ఆ కొంచెం చోటులో ఉన్న గాలినే ఫ్యాను తిప్పి తిప్పి మళ్లీ బల్బుకే కొడుతుంది. వేడి బయటికి పోదు.

మే నెల గుంటూరు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. బానెట్ కింద ఇంజను వేడి దానికి తోడు. పదిహేను నిమిషాలకు బల్బు వెలుతురు తగ్గుతుంది. డ్రైవరుకు ఇది తెలియదు. కొద్దికొద్దిగా తగ్గుతుంది కాబట్టి కన్ను అలవాటు పడుతుంది. మంచి రకం బల్బులో వేడి పెరిగితే కరెంటును తగ్గించే ఏర్పాటు ఉంటుంది. చవక రకంలో అది ఉండదు. కొన్నాళ్లకు చిప్పు రంగు మారుతుంది. ఒక రాత్రి ఆరిపోతుంది.

కొందరు మెకానిక్కులు ఏం చేస్తారంటే, మూత పట్టలేదని తీసి పారేస్తారు. లేదా కత్తితో కోసి వదిలేస్తారు. గాలి ఆడుతుంది, నిజమే. దుమ్మూ పోతుంది. వానాకాలం తేమ పోతుంది. లోపల వెండిలా మెరిసే గిన్నె మసకబారుతుంది. ఆ గిన్నెకే రిఫ్లెక్టరు అని పేరు. వెలుతురును రోడ్డు మీదికి తోసేది అదే. అది పాడైతే ఏ బల్బు వేసినా ప్రయోజనం లేదు.

హోల్డరు కాలడానికి అసలు కారణం

హోల్డరు కాలడం ఎల్.ఇ.డి.తో మొదలైంది కాదు. అంతకు ముందు నుంచే డ్రైవర్లు 100/90 వాట్ల హాలోజన్ బల్బులు వేస్తున్నారు. కంపెనీ ఇచ్చింది 60/55. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. కారు బ్యాటరీ 12 వోల్టులు.

60 వాట్ల బల్బుకు: 60 ÷ 12 = 5 ఆంపియర్లు.

100 వాట్ల బల్బుకు: 100 ÷ 12 = 8 ఆంపియర్ల పైన.

తీగ మాత్రం పాతదే. పిల్లకాలవలోకి పెద్దకాలవ నీళ్లు వదిలితే గట్టు తెగుతుంది. ఇక్కడ తీగ వేడెక్కుతుంది. అన్నిటికన్నా ముందు హోల్డరు కాలుతుంది. ఎందుకంటే అక్కడ రేకుల పట్టు వదులై ఉంటుంది. పట్టు వదులైన చోట వేడి పుడుతుంది. ప్లాస్టిక్ పసుపు రంగుకు మారి, తరవాత నల్లబడి, చివరికి కరుగుతుంది. పాత అంబాసిడర్ లైటుకు గాజు అద్దం ఉండేది, తట్టుకునేది. ఇప్పటి కార్లకు ప్లాస్టిక్ అద్దాలు. ఎక్కువ వాట్ల హాలోజన్ బల్బు సెగకు అవీ పాడవుతాయి.

ఈ విషయంలో ఎల్.ఇ.డి. మేలే. 30 వాట్ల బల్బుకు రెండున్నర ఆంపియర్లు చాలు. తీగ మీద బరువు సగం తగ్గుతుంది. కాని అప్పటికే కాలిన హోల్డరుకు కొత్త ఎల్.ఇ.డి. తగిలిస్తే, ఆ వదులు పట్టు దగ్గర లైటు మిణుకుమిణుకుమంటుంది. నల్లబడిన హోల్డరును ముందు మార్చాలి. పింగాణీ హోల్డరు వేడికి బాగా ఆగుతుంది. అది షాపుల్లో దొరుకుతుంది.

పెట్టె మీది అంకె

బల్బు కొనేటప్పుడు పెట్టె మీద ఏం రాసి ఉందో చదవండి. హెచ్4 అని ఉందా? 12 వోల్టులు అని ఉందా? లారీ బల్బుకు 24 వోల్టులు అని ఉంటుంది. తరవాత వాట్లు చూడండి. కొన్ని ఎల్.ఇ.డి. పెట్టెల మీద 200 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నమ్మవచ్చా? పైన చేసిన లెక్కే మళ్లీ చేయండి. 200 ÷ 12 అంటే 16 ఆంపియర్ల పైన. చాలా కార్లలో ఒక్కో హెడ్‌లైటుకు 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నచోట నిజంగా 200 వాట్లు లాగితే ఆ ఫ్యూజు పోవాలి. పోవడం లేదంటే ఆ అంకె అబద్ధం. ఈ మాట షాపులో గట్టిగా అడగవచ్చు. సమాధానం రాకపోతే ఆ పెట్టె అక్కడే పెట్టి రావడం మంచిది.

ఫ్యూజు పోయిందని ఇంకా పెద్ద ఫ్యూజు వేసేవాళ్లున్నారు. అది మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఫ్యూజు పోనప్పుడు తీగే కాలుతుంది. కార్లు తగలబడే దారుల్లో ఇదొకటి.

ఎల్.ఇ.డి. కన్నా ముందు

వెలుతురు తగ్గిందంటే బల్బుదే తప్పు అనుకుంటారు. చాలాసార్లు కాదు. ప్లాస్టిక్ అద్దం ఎండకు పసుపెక్కి ఉంటుంది. దాన్ని పాలిష్ చేయిస్తే సగం బాధ తీరుతుంది. బ్యాటరీ నుంచి బల్బు దాకా వచ్చేసరికి తీగల్లో, స్విచ్చిలో వోల్టులు తగ్గిపోతుంటాయి. 12 రావలసిన చోట 11 వోల్టులే వస్తే హాలోజన్ వెలుతురు సుమారు నాలుగో వంతు పోతుంది. ఎర్తు తీగ తుప్పు పట్టినా ఇదే జరుగుతుంది. ఎలక్ట్రీషియను చేత ఎర్తు శుభ్రం చేయించి, రిలే పెట్టించి, బ్యాటరీ నుంచి నేరుగా మంచి తీగ వేయిస్తే 60/55 బల్బే కొత్త బల్బులా వెలుగుతుంది. కొత్త హాలోజన్ వేసేటప్పుడు గాజును చేత్తో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. గుడ్డతో పట్టుకోవాలి.

ఇవన్నీ చేశాక కూడా చాలదనిపిస్తే అప్పుడు ఎల్.ఇ.డి. గురించి ఆలోచించవచ్చు.

ఎదుటివాడి కళ్లు

ఇక్కడ ఇంకో పెద్ద సంగతి ఉంది. రిఫ్లెక్టరు గిన్నెను హాలోజన్ తీగ ఉండే చోటుకు సరిగ్గా కొలిచి చేస్తారు. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుతురు దారి తప్పుతుంది. ఎల్.ఇ.డి. చిప్పు ఆ తీగ చోటులోనే ఉండాలి. లావుపాటి బల్బులో అలా ఉండదు. అప్పుడు వెలుతురు రోడ్డు మీద కాక చెట్ల కొమ్మల మీద పడుతుంది. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. కారులో ఉన్న మనిషికి అంతా తెల్లగా కనపడి బాగుందనిపిస్తుంది. ఎదుట మోటారు సైకిలు మీద ఉన్న మనిషికి రెండు క్షణాలు ఏమీ కనపడదు. ఆ రెండు క్షణాల్లో పక్కన కాలవ ఉంటే?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దీని గురించి చెప్పాయి. లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి డిమ్ లైటు మిరుమిట్లు కొట్టకూడదు. కంపెనీ ఇచ్చిన దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019లో చట్టాన్ని సవరించారు. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మార్చేముందు రవాణా శాఖ ఆఫీసులో అడగడం మేలు. అదే మోడల్ కారులో ఖరీదైన రకానికి కంపెనీ ఎల్.ఇ.డి. లైటు ఇస్తుంటే, ఆ లైటు మొత్తం వేయించుకునే వీలుందేమో కంపెనీ షోరూములో కనుక్కోవాలి. ఖర్చు ఎక్కువే. కాని అందులో గిన్నె, చిప్పు, వేడి పోయే దారి అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చేసి ఉంటాయి.

వేసేటప్పుడు

పాత బల్బు తియ్యకముందే కారును ఒక గోడకు 8 మీటర్ల దూరంలో, చదునైన చోట నిలపాలి. డిమ్ లైటు వెయ్యాలి. గోడ మీద వెలుగు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అక్కడ సుద్దముక్కతో గీత గియ్యాలి. తరవాత కొత్త బల్బు వేసి మళ్లీ చూడాలి. వెలుగు గీత దాటి పైకి పోతే ఆ బల్బు వద్దు. తిప్పి ఇచ్చెయ్యాలి.

గీత దగ్గరే ఆగితే ఇక వేడి సంగతి. వెనక రెక్కలు రబ్బరు మూత బయట ఉండే బల్బు దొరికితే అది మంచిది. లోపల ఉండే రకమైతే లోతైన మూత వేయించాలి, మూత తీసెయ్యకూడదు. హెచ్4 బల్బు చిప్పులు పైకీ కిందికీ కాకుండా ఇరుపక్కలకు చూడాలి. చిన్న పెట్టెలాంటి డ్రైవర్ భాగం ఉంటే దాన్ని ఇంజనుకు దూరంగా కట్టాలి, వేలాడనివ్వకూడదు. వెలగకపోతే బల్బు పాడైందనుకోవద్దు. ఎల్.ఇ.డి.కి ప్లస్సు, మైనస్సు తేడా ఉంటుంది. అవి సరిగా కలిశాయో లేదో చూడాలి.

ఇంజను నడుపుతూ అరగంట లైటు వెలగనివ్వాలి. మొదటి నిమిషంలో గోడ మీద ఎంత వెలుతురు ఉందో, అరగంటకూ అంతే ఉండాలి. బాగా తగ్గితే వేడి బయటికి పోవడం లేదని అర్థం.

వారం తిరిగాక పగలు, ఇంజను చల్లారాక బానెట్ తీసి హోల్డరు చూడాలి. తెల్లగా ఉన్న ప్లాస్టిక్ పసుపు రంగుకు మారిందా? వాసన వస్తోందా? ఫ్యాను రెక్కల్లో దుమ్ము చేరిందా? దుమ్ముంటే మెత్తటి బ్రష్షుతో తుడవాలి. పాత హాలోజన్ బల్బులు రెండూ పారెయ్యకుండా గుడ్డలో చుట్టి కారులోనే ఉంచాలి. రాత్రి దారిలో ఎల్.ఇ.డి. ఆరిపోతే, సెల్లు లైటు వెలుగులో వాటిని పది నిమిషాల్లో మళ్లీ తగిలించుకోవచ్చు.